5.6 లక్షల కిలోమీటర్ల లారీ: ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రమే ఇంజిన్ లైట్, కోడ్ పి0087. ఇంజెక్టర్లు మార్చాల్సిందేనా?

తాడిపత్రి_లోడు

అన్నలందరికీ నమస్తే. ఇన్నాళ్లూ మీరు రాసేవి చదవడమే గానీ నేను రాసింది లేదు. ఇప్పుడు ఏం చేయాలో తోచక రాస్తున్నా, కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిక చేసుకోండి.

బండి 2017 మోడల్, బీఎస్4, ఆరు టైర్లు, నాలుగు సిలిండర్ల కామన్ రైల్ ఇంజిన్, 24 వోల్టులు. పొగను శుభ్రం చేసే యూరియా ట్యాంకు లేదు, ఈజీఆర్ బండి, అంటే పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకే పోతుంది. కంపెనీ పేరు అడగొద్దు, అడిగితే చర్చ అటు పోతుంది. మీటర్ మీద 5,62,000 ఉంది. ఓనర్ నేనే, డ్రైవర్ నేనే. తాడిపత్రి నుంచి నాపరాళ్లు ఎత్తుకుని కడప, రాయచోటి మీదుగా చిత్తూరు వైపు పోతుంటా, అప్పుడప్పుడు బెంగళూరు.

నెలన్నర నుంచి ఒకటే గోల. కడప దాటి గువ్వలచెరువు ఘాట్ సగం ఎక్కుతానో లేదో పసుపు ఇంజిన్ లైట్ వెలుగుతుంది, వెలగడంతోనే బండి చచ్చుబడిపోతుంది. యాక్సిలరేటర్ నేలకు తొక్కినా 1,500 ఆర్‌పీఎం దాటదు. ఫస్ట్ గేరులో నత్తలాగా పాకుతుంటే వెనక వాళ్ల హారన్లు, తిట్లు. పక్కకు తీసి కీ ఆఫ్ చేసి రెండు నిమిషాలు ఆగి స్టార్ట్ చేస్తే దమ్ము మళ్లీ వస్తుంది, లైట్ మాత్రం ఆరదు. ఇంకో మూడు నాలుగు మలుపులు పోయాక మళ్లీ అదే కథ. మొన్న పైకి చేరేసరికి గంటంపావు పట్టింది, పాలకోవా కొట్టు దగ్గర ఆపి కూర్చుంటే కొట్టతను "ఏమన్నా ఈమధ్య రోజూ ఈడనే ఆగుతాండావ్" అని నవ్వుతున్నాడు.

ఖాళీ బండితో రానే రాదు. లోడు ఉన్నా చదును రోడ్డు మీద రాదు.

ఇప్పటిదాకా చేసింది: మొదటి షెడ్డులో స్కానర్ పెట్టి కోడ్ చెరిపేసి పంపించారు, నాలుగో రోజుకు మళ్లీ వచ్చింది. రెండో షెడ్డులో కోడ్ చూసి పి0087 అని చీటీ రాసిచ్చి, రైల్ ప్రెజర్ సెన్సర్ పోయిందని కొత్తది వేశారు, 4,800 అయింది, మొదటి ఘాట్‌కే మళ్లీ లైట్. మూడో షెడ్డులో "ఐదున్నర లక్షలు తిరిగాక ఇంజెక్టర్లు పోక ఏమవుతాయి, నాలుగూ మార్చి పంపు కూడా క్యాలిబ్రేషన్ చేయిద్దాం, లక్షా ఇరవై వేలు పెట్టుకో" అన్నారు. అంత ఇప్పుడు నా దగ్గర లేదు. దానికి తోడు వచ్చే నెల ఎఫ్‌సీ. ఎనిమిదేళ్లు దాటిన బండి కదా, ఆ ఫిట్‌నెస్ పరీక్షకు ఏడాదికోసారి పోవాల్సిందే.

ఇంజెక్టర్లేనా? డబ్బులు పెట్టే ముందు నేనే చూసుకోగలిగింది ఏమైనా ఉందా?

గుత్తి_జంక్షన్

అంత టెన్షన్ ఎందుకన్నా, మీటర్ విప్పి ఆ బల్బు పీకెయ్. ఈజీఆర్‌కు రేకు ముక్క కొట్టి మూసెయ్. మా పక్కన సగం బండ్లు అట్లే తిరుగుతున్నాయి.

పాతపానా_కర్నూలు

గుత్తి తమ్ముడూ, బల్బు పీకితే లైట్ పోతుంది, ఘాట్ మీద దమ్ము వస్తుందా? పైగా కీ ఆన్ చేయగానే ఆ లైట్ ఒకసారి వెలిగి, స్టార్ట్ అయ్యాక ఆరాలి, ఎఫ్‌సీలో చూసేవాడు చూస్తాడు. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు కూడా ఇది గుర్తు పెట్టుకోండి, కీ ఆన్‌లో ఇంజిన్ లైట్ వెలగని బండి అమ్ముతున్నాడంటే ఏదో దాస్తున్నాడని అర్థం. ఈజీఆర్‌కు ఈ కోడ్‌కు సంబంధమే లేదు. మూస్తే వేరే కోడ్ ఇంకోటి వచ్చి చేరుతుంది, పొల్యూషన్ కేసు అదనం.

ఇప్పుడు తాడిపత్రి అబ్బాయ్, నీ సంగతి. నేను షెడ్డు మూసి ఐదేళ్లయింది, అయినా చెయ్యి ఊరుకోదు, ఇలాంటివి చదివితే నిద్ర పట్టదు.

పి0087 అంటే రైల్‌లో, అంటే పంపు నుంచి ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే ఉమ్మడి గొట్టంలో, ప్రెజర్ ఉండాల్సినంత లేదు అని. అంతే. ఎందుకు లేదో ఆ కోడ్ చెప్పదు. "కుండలో నీళ్లు లేవు" అని ఎవరో చెబితే కుండ మార్చేస్తామా? బావిలో లేవా, చేదకు చిల్లా, మధ్యలో ఎవరైనా తాగేశారా చూస్తాం కదా. నీ రెండో షెడ్డువాళ్లు చేసింది కుండ మార్చడం కూడా కాదు, నీళ్లు లేవని చెప్పిన మనిషిని మార్చారు. సెన్సర్‌కు గానీ దాని వైరుకు గానీ దెబ్బ తగిలితే మామూలుగా పి0190 నుంచి పి0193 దాకా ఉన్న కోడ్లలో ఏదో ఒకటి వస్తుంది. ఒక్క పి0087 మాత్రమే, అదీ లోడు మీద మాత్రమే వస్తోందంటే సెన్సర్ నిజమే చెబుతోంది అనుకుని మొదలుపెట్టాలి.

ఇంజెక్టర్ల మాటకొస్తే, ఆయన అబద్ధం చెప్పలేదు, అన్ని కిలోమీటర్లకు అవి అరగడం మామూలే. కానీ అరిగిన ఇంజెక్టర్ ఎప్పుడు బయటపడుతుందో ఆలోచించు. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పంపు కొట్టే డీజిల్ తక్కువ, ఇంజెక్టర్ వెనక్కి వదిలేది మాత్రం కారుతూనే ఉంటుంది. కాబట్టి మొదట తెలిసేది స్టార్టింగ్‌లో. వేడి ఇంజిన్ ఆపి పది నిమిషాల తర్వాత సెల్ఫ్ కొడితే తిరిగి తిరిగి గానీ అందుకోదు, ఐడిల్ ఊగుతుంది, పొగ వస్తుంది. నీ బండి ఘాట్ మధ్యలో వేడి వేడిగా ఆపి రెండు నిమిషాలకే మళ్లీ స్టార్ట్ అవుతోందని నువ్వే రాశావు. అది చదవగానే నాకు ఇంజెక్టర్ల మీద అనుమానం సగం పోయింది.

ఎక్కువ డీజిల్ అడిగినప్పుడే చాలడం లేదంటే, రావాల్సిన దారిలో ఎక్కడో గొంతు పట్టుకుంది. ట్యాంకు మూత మొదలుకుని పంపు దాకా వరసగా చూసుకుంటూ రావాలి. ఆ దారిలో ఉండేవన్నీ వందల్లో అయిపోయే వస్తువులు. లక్షా ఇరవై వేల వస్తువు దారి చివర ఉంది, చివరనే చూద్దాం.

ముందు వీటికి జవాబు చెప్పు. డీజిల్ ఫిల్టర్లు ఎప్పుడు మార్చావు? రెండూ మార్చావా, ఒకటేనా? ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు కూడా వచ్చిందా, సగానికి దిగాక మాత్రమేనా? లైట్ వచ్చిన క్షణంలో నల్లపొగ వస్తుందా? వేడి మీద స్టార్టింగ్ నిజంగా బాగుందా?

చీనీలారీ_అనంత

పానా అన్న చెప్పాక ఇంకేం చెప్పాలి గానీ నా అనుభవం ఒకటి. చీనీకాయల సీజన్‌లో మా బండికి ఒకేసారి ఐదు కోడ్లు వచ్చాయి, ఒకదానికి ఒకటి పొంతన లేదు, టర్బో అంటుంది, క్రాంక్ సెన్సర్ అంటుంది. చూస్తే బ్యాటరీ నెగటివ్ చాసిస్‌కు పట్టే చోట తుప్పు. గీకి, బిగించి, గ్రీజు పూస్తే ఐదూ పోయాయి. నీకు ఒకే కోడ్ అంటున్నావు కాబట్టి అది కాకపోవచ్చు, అయినా కానీ ఖర్చు లేని పని, చూసుకో.

ఇంకోటి, ట్యాంకు మూత. గాలి రంధ్రం దుమ్ముతో పూడుకుపోతే డీజిల్ తగ్గే కొద్దీ ట్యాంకులో గాలి లాగేసినట్టయి డీజిల్ రాదు. నువ్వు రాళ్ల క్వారీల దగ్గర తిరిగేవాడివి, ఆ దుమ్ము నాకు తెలుసు. లైట్ వచ్చినప్పుడు దిగి మూత తిప్పి చూడు, "ఉస్స్" మందంటే దొరికినట్టే.

తాడిపత్రి_లోడు

పానా అన్నా, ఇంత వివరంగా ఇప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు, దండం.

ఫిల్టర్లు రెండూ మూడు నెలల కింద మార్చా, కంపెనీవే. ఫిల్టర్‌లో చేరే నీళ్లు కూడా వారానికోసారి వదులుతా. ట్యాంకు సగం ఉన్నప్పుడు ఎక్కువసార్లు వచ్చింది గానీ, ఒకసారి బెంగళూరు నుంచి వస్తూ కర్ణాటక బంకులో ఫుల్ కొట్టించాను (లీటరు మీద మనకంటే తక్కువ కదా, అటు పోయినవాళ్లు ఎవరూ ఖాళీ ట్యాంకుతో బార్డర్ దాటరు), పెనుకొండ దగ్గర ఎత్తు మీద కూడా ఒకసారి వెలిగింది. అంటే నిండు ట్యాంకుతో కూడా వచ్చినట్టే. నల్లపొగ లేదు, ఉత్తగా నీరసపడిపోతుంది. స్టార్టింగ్ ఎప్పుడూ ఒక్క సెల్ఫే.

చీనీ అన్నా, ఈరోజే ఘాట్ మీద మూత తిప్పి చూశా, ఉస్సూ లేదు బుస్సూ లేదు. మూత వదులుగా పెట్టి పోయినా లైట్ వచ్చింది. ఎర్త్ కూడా గీకి బిగించా.

ఉల్లిగడ్డ_బండి

అన్నా మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు, నాది బీఎస్6 పికప్, కర్నూలు మార్కెట్‌కు ఉల్లిగడ్డ తోలుతా. దీనికీ ఇంజిన్ లైట్ వచ్చింది, పక్కనే యూరియా లైట్ కూడా. యూరియా నిండుగానే ఉంది. బయట కంపెనీ బకెట్ ధర ఎక్కువని మా ఊళ్లో ఒకాయన కలిపి అమ్ముతుంటే అది పోశా. దానివల్ల అంటారా?

స్కానర్_సంచి_కడప

ఉల్లిగడ్డ అన్నా, దానివల్లే అయ్యుండటానికి ఎక్కువ అవకాశం. బండికి పోసే ద్రవంలో యూరియా 32.5 శాతం, మిగతాది ఖనిజాలు తీసేసిన నీళ్లు, అంత లెక్కగా ఉండాలి. మన దేశంలో పొలానికి వచ్చే యూరియాకు వేపనూనె పూత ఉంటుంది, అది బోరు నీళ్లలో కలిపి పోస్తే నాజిల్‌లో తెల్లగా గడ్డ కట్టి కూర్చుంటుంది, లోపలి క్యాటలిస్ట్ కూడా పాడవుతుంది. లైట్‌ను పట్టించుకోకపోతే బండి తనంతట తనే దమ్ము తగ్గించుకుంటుంది. ట్యాంకు మొత్తం దించి కడిగించి మంచిది పోయించు, ఆలస్యం చేయకు. మిగతాది వేరే ప్రశ్నగా రాయి, ఇక్కడ తాడిపత్రి అన్న సంగతి తేలనిద్దాం.

తాడిపత్రి అన్నా, నేను కడపలో బండ్ల దగ్గరికే పోయి స్కానింగ్ చేస్తుంటా. రెండు ముక్కలు చెబుతా.

ఒకటి, ఎవరి మాటో విని ఆన్‌లైన్‌లో దొరికే చిన్న బ్లూటూత్ డాంగిల్ తెచ్చి పెట్టకు. వాటిలో చాలావరకు కార్ల కోసం చేసినవి, 12 వోల్టులకు. నీది 24. పెడితే డాంగిల్ కాలిపోవచ్చు. కాలకపోయినా లారీ ఈసీఎం (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) మాట్లాడే భాష దానికి అర్థం కాక ఉత్తగా "కనెక్టింగ్" అని తిరుగుతూ కూర్చోవచ్చు. లారీలకు పనికొస్తుందని రాసి ఉన్నదే వాడాలి.

రెండు, షెడ్డులో నిలబెట్టి కోడ్ చదివితే ఇలాంటి రోగం దొరకదు. బండి లోడుతో ఎక్కుతున్నప్పుడు స్కానర్‌లో రెండు లెక్కలు పక్కపక్కన చూడాలి, ఈసీఎం ఎంత ప్రెజర్ అడుగుతోంది, రైల్‌లో ఎంత వస్తోంది. ఐడిల్‌లో రెండూ కలిసే ఉంటాయి. ఎక్కడ విడిపోతాయి, ఎంత వేగంగా విడిపోతాయి అన్నదే మనకు కావాల్సింది. కోడ్ పడిన క్షణంలో స్పీడ్ ఎంత, లోడు ఎంత, ప్రెజర్ ఎంత అని ఈసీఎం ఒక ఫోటో తీసినట్టు దాచుకుంటుంది, ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. నీ మొదటి షెడ్డువాళ్లు కోడ్ చెరిపేసినప్పుడు అదీ పోయింది. ఇకమీదట ఎవరినీ రాసుకోకుండా చెరపనివ్వకు.

ఎల్లుండి లోడు ఉంటే చెప్పు, ఘాట్ కింద ఎక్కుతా నీ బండి. స్కానింగ్ డబ్బులు ఇవ్వు చాలు, కోవా నేను కొనిపెడతా.

పాతపానా_కర్నూలు

సంచి తమ్ముడు మంచి మాట అన్నాడు, తీసుకుపో.

నిండు ట్యాంకుతో కూడా వచ్చింది అన్నావు కాబట్టి ట్యాంకు లోపల పీల్చే గొట్టానికి పగులు అన్న అనుమానం పక్కన పెడుతున్నా. అలా పగిలితే డీజిల్ ఆ పగులు కిందికి దిగాకే గాలి పీల్చడం మొదలవుతుంది.

మీరిద్దరూ పోయేటప్పుడు ఈ పనులు చేయండి. ఫిల్టర్‌కు వచ్చే పైపు దగ్గర ఒక జానెడు తెల్ల పారదర్శకం పైపు ముక్క కలపండి. డీజిల్‌లో బుడగలు వస్తుంటే ఎక్కడో గాలి పీలుస్తోంది, క్లిప్పులూ వాషర్లూ చూడాలి. బుడగలు లేకుండా ప్రెజర్ పడిపోతే దారి మూసుకుంటోంది. లైట్ రాగానే ఇంజిన్ ఆపకుండా ఐడిల్‌లో పెట్టి ఫిల్టర్ మీద హ్యాండ్ ప్రైమర్ (చేత్తో నొక్కి డీజిల్ ఎక్కించే బుడ్డి) నొక్కి చూడండి. అది అణిగిపోయి పైకి లేవకుండా ఉంటే అడ్డు ట్యాంకు వైపు ఉన్నట్టు. వాక్యూమ్ గేజ్ ఉంటే ఇంకా మేలు, లేకపోయినా పని నడుస్తుంది.

ఆ తర్వాత అసలు పరీక్ష. ఇరవై లీటర్ల క్యాన్ శుభ్రంగా కడిగి ఆరబెట్టి, డీజిల్ పోసి, క్యాబిన్ వెనక తాడుతో కదలకుండా కట్టండి. ట్యాంకు నుంచి వచ్చే పైపు పీకేసి కొత్త పైపుతో క్యాన్‌లోంచి పీల్చేలా పెట్టండి, రిటర్న్ (వాడగా మిగిలిన డీజిల్ వెనక్కి వచ్చే పైపు) కూడా క్యాన్‌లోకే. అలాగే ఘాట్ ఎక్కండి. లైట్ రాకపోతే పంపూ ఇంజెక్టర్లూ నిర్దోషులు. వస్తే అప్పుడు ఇంజెక్టర్ల వెనక్కి కారే డీజిల్‌ను నాలుగు సీసాల్లో పట్టి కొలుద్దాం.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నా. పాత పంపు బండ్ల మీద పనిచేసినవాళ్లకు ఇంజిన్ నడుస్తుండగా ఇంజెక్టర్ నట్టు వదులు చేసి ఏ సిలిండర్ కొట్టడం లేదో చూసే అలవాటు ఉంటుంది, నాకూ ఉండేది. కామన్ రైల్ మీద ఆ పని ప్రాణం మీదికి తెస్తుంది. పూర్తి లోడులో 1,600 బార్ దాకా పోయే ప్రెజర్ అది, సన్నటి ధార చర్మంలోంచి లోపలికి దూరిపోతుంది, పైకి సూది గుచ్చినంత మచ్చే కనబడుతుంది, లోపల చెయ్యి కుళ్లిపోతుంది. ఎక్కడైనా కారుతోందేమోనని వేలితో తడమడం కూడా వద్దు, అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. ఆ వైపు పైపుల జోలికి ఎవరూ పోవద్దు.

తాడిపత్రి_లోడు

పోయొచ్చాం. రాత్రి పదకొండు అయింది, అయినా రాయకుండా పడుకోబుద్ధి కాలేదు.

మొదటి ఎక్కుడు మామూలుగా, ట్యాంకు నుంచే. సంచి అన్న స్కానర్ ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చున్నాడు. ఐడిల్‌లో అడిగింది 300 బార్, వచ్చింది 300. ఘాట్ మొదట్లో 1,200 అడిగితే 1,190 అలా వస్తోంది. నాలుగో మలుపు దగ్గర అడిగేది 1,300 మీద ఉండగానే వచ్చేది 1,150, 1,000, 850 అని మెట్లు దిగినట్టు దిగిపోయింది, లైట్ వెలిగింది. పారదర్శకం పైపులో ఒక్క బుడగ లేదు. దిగి ప్రైమర్ నొక్కితే చప్పిదవడలాగా లోపలికి పోయి ఉంది, లేవలేదు. కీ ఆఫ్ చేసిన కాసేపటికి అదే మెల్లగా పైకి లేచింది. అది చూసి సంచి అన్న ముఖం వెలిగింది, నాకు మాత్రం ఏమీ అర్థం కాలేదు.

కిందికి దిగి రెండో ఎక్కుడు, క్యాన్ పెట్టి. పైదాకా సెకండ్ గేరులో ఊపుకుంటూ పోయింది. అడిగింది, వచ్చింది ఒకదాన్నొకటి వదల్లేదు. లైట్ లేదు. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి, నవ్వొద్దు.

అంటే ట్యాంకు జాలీకి, ఫిల్టర్‌కు మధ్యలోనే ఉంది. రేపు ట్యాంకు దించుతున్నా.

గుత్తి_జంక్షన్

అన్నా నేను సరదాగా అన్నా, బల్బు నిజంగా పీకమని కాదు 😅 ఏం దొరికిందో చెప్పు, నేనూ ఎదురు చూస్తున్నా.

తాడిపత్రి_లోడు

ట్యాంకు దించా. జాలీకి కొంచెం నల్లటి జిగురు పట్టింది, ఇదే అనుకుని కడిగి, ట్యాంకు కూడా కడిగి ఎక్కించి లోడుతో పోతే, ఏడో మలుపు దగ్గర మళ్లీ లైట్. ఇంతకు ముందు నాలుగో మలుపు. మూడు మలుపులు లాభం.

కోపంతో వెనక్కి వచ్చి ఇక మిగిలింది ట్యాంకు నుంచి ఫిల్టర్ దాకా వచ్చే రబ్బరు పైపు ఒక్కటే కదా అని అది పీకా. పైకి నిగనిగలాడుతోంది, చిన్న పగులు కూడా లేదు. నోటితో ఊదితే గాలి సుబ్బరంగా పోతోంది. పడేద్దామా వద్దా అనుకుంటూ దారి మూసుకుంటోందన్న పానా అన్న మాట గుర్తొచ్చి కత్తితో నిలువుగా చీల్చా. లోపల పొర ఊడిపోయి నాలుకలాగా వేలాడుతోంది. మెల్లగా పీలిస్తే పక్కకు ఒదిగి దారి ఇస్తుంది, గట్టిగా పీలిస్తే వచ్చి అడ్డం పడుతుంది. ఊదితే గాలి ఎందుకు పోయిందో, కీ ఆపితే ఎందుకు బాగయ్యేదో, చదును మీద ఎందుకు రాలేదో అన్నీ ఆ ఒక్క నాలుకే చెప్పింది.

ఇప్పుడు సిగ్గుపడుతూ చెప్పాల్సింది ఇంకోటుంది. ఆ పైపు కంపెనీది కాదు. రెండేళ్ల కింద ముద్దనూరు దగ్గర పాత పైపు చాసిస్‌కు రాసుకుని చిల్లు పడితే, రాత్రిపూట ఏదీ దొరక్క, టూల్ బాక్సులో ఉన్న రేడియేటర్ నీళ్ల పైపు ముక్క నేనే వేసి క్లిప్పులు బిగించా. తెల్లారి మార్చుదాంలే అనుకున్నా. ఆ తెల్లారడం ఇప్పటికి అయింది. మూడు షెడ్లవాళ్లనీ మనసులో ఎంత తిట్టుకున్నానో.

పాతపానా_కర్నూలు

నాయనా, తిట్టుకున్నదాంట్లో సగం వాళ్లకు చెందాల్సిందే, బాధపడకు. పైపును చూడకుండా ఇంజెక్టర్లు అన్నారు కదా.

నీళ్ల పైపు రబ్బరు వేరు, డీజిల్ పైపు రబ్బరు వేరు. రేడియేటర్ పైపులు మామూలుగా ఈపీడీఎం రబ్బరుతో చేస్తారు, వేడి నీళ్లకు రాయిలా నిలుస్తుంది, డీజిల్ తగిలితే మాత్రం ఉబ్బి మెత్తబడి పొరలు ఊడుతుంది. డీజిల్‌కు నైట్రైల్ రబ్బరు లోపలి పొర ఉన్నదే వేయాలి, పైపు మీదే డీజిల్ అనో ఫ్యూయల్ అనో అచ్చు ఉంటుంది. చూడటానికి రెండూ నల్లగానే ఉంటాయి, అదే చిక్కు. జాలీకి పట్టిన నల్ల జిగురులో కొంత ఆ పైపుదే అయ్యుండొచ్చు. ఎలాగంటావా, రిటర్న్ పైపుకు కూడా అదే ముక్క వేశావేమో చూసుకో.

ఫిల్టర్లు రెండూ ఇంకోసారి మార్చు, మూడు నెలలే అయిందని చూడకు. ఊడిన రబ్బరు పొడి అందులోకి పోయి ఉంటుంది. అది ఇంజెక్టర్ దాకా పోతే అప్పుడు లక్షా ఇరవై వేలు నిజంగానే పెట్టాలి.

తాడిపత్రి_లోడు

రిటర్న్‌కు కూడా అదే ముక్క అన్నా! ఆ రాత్రి రెండూ ఒకేసారి వేశా. నీకు ఎట్లా తెలిసిపోయిందో.

రెండు పైపులూ కొత్తవి వేశా, మీటరు రెండు వందల లోపే. పైపులు, క్లిప్పులు, ఫిల్టర్లు, క్యాన్, సంచి అన్న స్కానింగ్ అన్నీ కలిపి ఐదు వేలు దాటలేదు. పాత ఫిల్టర్ కోసి చూస్తే అడుగున నల్లటి నలుసులు, అన్న చెప్పినట్టే.

అయ్యాక మూడు ట్రిప్పులు పోయొచ్చా, నిండు లోడుతో. మూడుసార్లూ ఘాట్ మీద ఎక్కడా ఆగలేదు. సంచి అన్న ఇంజెక్టర్లకు సీసాలు కూడా పెట్టి చూశాడు, మూడింట్లో వేలెడు వేలెడు డీజిల్, రెండో సిలిండర్‌ది మాత్రం వేలున్నర. ఇప్పుడే మార్చాల్సిన పని లేదు గానీ ఆర్నెల్లకోసారి చూసుకో అన్నాడు.

చీనీలారీ_అనంత

బ్బా, మంచి కబురు. నేనిప్పుడే పోయి మా రెండు బండ్ల కింద దూరి చూసొచ్చా. ఒకదానికి ఎవరు వేశారో ఏమో, అచ్చు లేని నల్ల పైపు ఉంది. రేపు కోసి చూస్తా.

తాడిపత్రి_లోడు

కొయ్యకముందు కొత్తది తెచ్చి పక్కన పెట్టుకో అన్నా. నేను తేకుండా కోసి, సాయంత్రం దాకా అంగడి తీసేవాడి కోసం కూర్చున్నా.